జూనియర్ గది దాటి రావడం లేదు, నేనేం చేయాలి?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది ఒంగోలు. చెన్నై శివార్లలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బీటెక్ థర్డ్ ఇయర్ చదువుతున్నాను. ఈ ఏడు ఫస్ట్ ఇయర్ వాళ్ళ ఇండక్షన్ వారానికి నన్ను స్టూడెంట్ వాలంటీర్‌గా వేశారు. నా గ్రూపులో ఇరవై మంది. సగానికి సగం తెలుగువాళ్ళే. వాళ్ళను ఆడిటోరియంకు తీసుకెళ్ళడం, ఐడీ కార్డులు ఇప్పించడం, గేమ్స్ ఆడించడం నా పని అన్నారు. అంతకు మించి ఏమీ చెప్పలేదు. కడప నుంచి వచ్చిన ఒకమ్మాయి రోజూ రాత్రి వాళ్ళమ్మకు ఫోన్ చేసి ఏడుస్తోంది. వాళ్ళమ్మ వెంటనే నాకు ఫోన్ చేస్తారు, "నువ్వే అక్కలా చూసుకోవాలమ్మా" అని. ఒక్కోసారి రాత్రి పన్నెండింటికి కూడా. నరసరావుపేట వైపు అబ్బాయి ఒకతను బుధవారం నుంచి గది దాటి రావడం లేదు. మెస్‌కీ రాడు. రూమ్మేట్ బిస్కెట్లు తెచ్చిస్తున్నాడట. మెసేజ్ పెడితే "ఫీవర్ అక్కా" అంటాడు. ఇంకో విషయం. మంగళవారం రాత్రి మా బ్యాచ్ అబ్బాయిలు తెలుగు జూనియర్లను మేడ మీదికి పిలిచి 'ఇంట్రో' తీసుకున్నారు. ఏటా ఉండేదే, కొట్టడం లాంటివి ఉండవు, మనవాళ్ళ మధ్య పరిచయం అంతే అంటారు. ఫస్ట్ ఇయర్‌లో మా హాస్టల్లో నాకూ జరిగింది. దీన్ని ర్యాగింగ్ అనాలా? నాకు కౌన్సెలింగ్ అదీ రాదు. నిద్ర లేదు, ఆ పిల్లల్ని చూస్తుంటే నాకే ఏడుపొస్తోంది.
ఒక వాలంటీర్, చెన్నై

సమాధానం:

చూడమ్మా, నువ్వు అన్నీ విడివిడిగా రాశావు. నాకు మాత్రం వాటిలో రెండు ఒకదానికొకటి అతుక్కునే కనిపించాయి. ఇంట్రో జరిగింది మంగళవారం రాత్రి. ఆ అబ్బాయి గది దాటి రానిది బుధవారం నుంచి. మేడ మీదికి వెళ్ళినవాళ్ళలో అతనూ ఉన్నాడో లేడో నువ్వు రాయలేదు. ముందు అది కనుక్కో. నిజంగా జ్వరమే అయ్యుండొచ్చు, కాదనను. జ్వరమే అయితే బిస్కెట్లు తింటూ గదిలో పడుండడం ఏమిటి? క్యాంపస్ హెల్త్ సెంటర్‌లో చూపించాలి, అవసరమైతే రక్తపరీక్ష చేయించాలి. చెన్నైలో డెంగీ కొత్తేమీ కాదు. ఎటు చూసినా ఈ రోజే ఎవరో ఒకరు వెళ్ళి ఆ తలుపు తట్టాల్సిందే. ఈ మాట ఆగేది కాదు కనక నీ ఉత్తరం అందిన రోజే విడిగా రాసి పంపాను. నీలాంటి వాలంటీర్లు ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి మిగతాది ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

అబ్బాయిల హాస్టల్లోకి నువ్వు వెళ్ళలేవు. వార్డెన్‌కు ఫోన్ చేసి గది నంబరు చెప్పు. "ఒకబ్బాయి మూడు రోజులుగా భోజనానికి రావడం లేదు, జ్వరమంటున్నాడు" అంటే చాలు. నీ అనుమానాలన్నీ మొదటి ఫోన్లోనే చెప్పనక్కర్లేదు. వార్డెన్‌తో పాటు ఇంకో వాలంటీర్‌ని కూడా పంపించు. అతను ఆ ఇంట్రో బ్యాచ్‌తో సంబంధం లేనివాడై ఉండాలి, ఇది ముఖ్యం. మంగళవారం మేడ మీద నిలబడినవాడు శుక్రవారం పెరుగన్నం పట్టుకుని పరామర్శకు వస్తే ఆ పిల్లాడు ఇంకా బిగుసుకుపోతాడు.

వెళ్ళినవాళ్ళు "ఎందుకు రావట్లేదు" అని మొదలుపెట్టకూడదు. ఆ మాట హాజరు అడిగినట్టు ఉంటుంది. తినడానికి ఏదైనా పట్టుకెళ్ళి, కూర్చుని, చిన్నగా అడగాలి. రాత్రి నిద్ర పడుతోందా? ఇంటికి ఫోన్ చేశావా? ఆ తర్వాత నిదానంగా, మంగళవారం రాత్రి ఏమైంది? సమాధానం వెంటనే రాదు. రాకపోతే ఫర్వాలేదు, సాయంత్రం మళ్ళీ వెళ్ళాలి.

మాటల మధ్యలో "ఇదంతా ఎందుకు, పోతే పోయింది", "నేను లేకపోతే మా నాన్నకు ఖర్చు తగ్గుతుంది" లాంటివి వస్తే విననట్టు దాటేయొద్దు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్ళకు భయం. అలా జరగదు. లోపల నలుగుతున్న మాటను పైకి అనడానికి దారి దొరుకుతుంది. అవునని అంటే అతన్ని ఒక్కణ్ణే వదలకూడదు. వార్డెన్, యూనివర్సిటీ కౌన్సెలర్, ఇంట్లో పెద్దవాళ్ళు, ఈ ముగ్గురికీ ఆ రాత్రే తెలియాలి. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్ అక్కా" అంటే వెయ్యకు. "నీకు సాయం చేయగలిగిన వాళ్ళకు మాత్రం చెప్తాను, మిగతా ఎవరికీ తెలియదు" అను.

14416 అనే నంబరు నీ ఫోన్లో వేసుకో. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఇది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ దీనికి పెద్దదిక్కు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంగ్లీషులో మనసు విప్పడం రాని పిల్లలకు ఇది చాలా పెద్ద విషయం. పిల్లలే చేయాలని కూడా లేదు. ఒకరి గురించి ఏం చేయాలో తోచక నువ్వే చేసి అడగొచ్చు. చెన్నైలోనే 1986 నుంచి ఆత్మహత్యల నివారణ కోసం పనిచేస్తున్న స్నేహ అనే సంస్థ ఉంది. వాళ్ళ ఫోన్ 044-24640050.

ఇక ఇంట్రో సంగతి. ర్యాగింగ్ అనాలా అని అడిగావు. అనాలి. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఈ ఇంట్రోల్లో ఏం జరుగుతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. షర్టు మూడో గుండీ వంక చూస్తూ నిలబడాలి. ప్రతి మాటకూ 'సార్' తగిలించాలి. ఊరు, స్కూలు, ర్యాంకు, ఎవరినైనా లవ్ చేశావా, పాట పాడు, ఫలానా అమ్మాయికి ప్రపోజ్ చేసి చూపించు. వీటన్నిటికంటే ముందు ఇంకోటి అడుగుతారు. "ఇంటిపేరేంటి?" అది ఎందుకు అడుగుతారో తెలుగువాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంటిపేరుతో తేలకపోతే "మీ ఊళ్ళో ఏ వీధి" అంటారు. మనవాళ్ళ మధ్య పరిచయం అన్నారు కదా మీ బ్యాచ్ వాళ్ళు. ఆ 'మనవాళ్ళు' ఎవరు, ఎవరు కాదు అని తేల్చుకునే పనే అక్కడ సగం నడుస్తుంది. చేత్తో ముట్టుకోకపోయినా ఆ రాత్రి కొందరు పిల్లలు గదికి ఎలా తిరిగొచ్చి ఉంటారో ఆలోచించు.

యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2009 నిబంధనల ప్రకారం కొడితేనే ర్యాగింగ్ కాదు. మామూలుగా ఒక విద్యార్థి చేయని పనిని చేయమని చెప్పి, దాంతో అతనికి సిగ్గు, అవమానం, బాధ కలిగేలా చేస్తే చాలు. 2016లో దానికి సవరణ తెచ్చి కులం, మతం, రంగు, ప్రాంతం, భాష, డబ్బు స్థితి, ఇలాంటివి పట్టుకుని మాటలతో గానీ చేతలతో గానీ హింసించడాన్ని కూడా కలిపారు. ఇంటిపేరు ప్రశ్న ఇందులోకే వస్తుంది. మన పిల్లల్ని ఎవరైనా 'గొల్టీ' అని పిలిచి ఏడిపిస్తే అదీ ఇందులోకే వస్తుంది. రెండోదానికి మనకు పౌరుషం పొడుచుకొస్తుంది, మొదటిదాన్ని మాత్రం సంప్రదాయం అంటాం.

పైగా మీరున్నది తమిళనాడు. 1996లో చిదంబరంలో ఫస్ట్ ఇయర్ మెడికల్ విద్యార్థి ఒకరు సీనియర్ చేతిలో హత్యకు గురైన తర్వాత ఇక్కడ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. రెండేళ్ళ దాకా జైలు, పది వేల దాకా జరిమానా. చేసినవాళ్ళకే కాదు, ప్రోత్సహించినవాళ్ళకు కూడా. అడ్మిషన్ రోజున మీ బ్యాచ్ అబ్బాయిలూ వాళ్ళ నాన్నలూ ర్యాగింగ్ చేయబోమని రాసిచ్చి సంతకాలు పెట్టే ఉంటారు. చదవకుండా పెట్టిన పది సంతకాల్లో అదొకటి.

మరి చెప్తే నన్ను వెలేస్తారేమో అన్న భయం నీ ఉత్తరంలో వరసల మధ్య కనిపిస్తోంది. వెలేయొచ్చు. కొన్నాళ్ళు నీతో మాట్లాడకపోవచ్చు, నోట్స్ ఇవ్వకపోవచ్చు. అలా జరగదని నీకు తియ్యటి మాట చెప్పి పంపలేను. నీ పేరు బయటికి రాకుండా చేయడానికి మాత్రం దారులున్నాయి. 1800-180-5522 యూజీసీ యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్, 24 గంటలూ ఉంటుంది. పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయొచ్చు. ఏ హాస్టల్, ఏ రాత్రి, ఎన్ని గంటలకు, ఎంతమంది, ఈ నాలుగూ స్పష్టంగా చెప్పాలి. లేదా నీకు నమ్మకమున్న లెక్చరర్‌తో నేరుగా చెప్పు. నేరమని తేలితే 24 గంటల్లోగా పోలీసు కేసు పెట్టించాల్సిన బాధ్యత సంస్థ అధిపతిది. అది నీ నెత్తిన వేసుకోకు.

మీ బ్యాచ్‌లో కాస్త ఆలోచించే అబ్బాయి ఒకడైనా ఉంటాడు. వాడితో పగటిపూట, క్యాంటీన్‌లో, ఒక్కడే ఉన్నప్పుడు "ఒకబ్బాయి మూడు రోజులుగా తిండి మానేశాడు" అని చెప్పి చూడు. ఇంట్రో మళ్ళీ జరగకుండా ఆపగలిగేది చాలాసార్లు అలాంటివాడే. అయితే ఫిర్యాదు చేసిన తర్వాతే ఈ మాట చెప్పు. ముందే చెప్తే అందరూ కలిసి జూనియర్లకు ఏం చెప్పాలో నేర్పిస్తారు. నీకు జరిగినదాని గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశావు. దాని గురించి మాట్లాడాలని ఉంటే కౌన్సెలర్ దగ్గరికి నీ కోసం కూడా వెళ్ళు.

కడప అమ్మాయి విషయంలో నాకు అంత కంగారు లేదు. రాత్రి అమ్మ గొంతు వినగానే ఏడుపు తన్నుకొస్తుంది, అది మొదటి వారంలో ఉండేదే. పగలు ఎలా ఉంటోందో చూడు. తింటోందా, పక్కనున్న అమ్మాయితో మాట్లాడుతోందా, గేమ్‌లో నవ్విందా? ఇవి ఉంటే రాత్రి ఏడుపుకి భయపడనక్కర్లేదు. వాళ్ళమ్మకు కావలసింది కూడా ఈ కబురే. "మీ అమ్మాయి ఈ రోజు రెండు చపాతీలు తింది, గుంటూరమ్మాయితో కలిసి షాపుకెళ్ళింది" అని రోజూ సాయంత్రం ఏడింటికి నువ్వే ఒక మెసేజ్ పెట్టు. పెడుతూనే, "ఆంటీ, రాత్రి పది దాటితే వార్డెన్ గారికి చేయండి" అని నంబరు కూడా ఇచ్చెయ్. ఆవిడ నొచ్చుకోదు. కబురు తెలియకే అర్ధరాత్రి ఫోన్లు. మొదటి శనివారమే మాధవరం తీసుకెళ్ళి ఊరి బస్సెక్కించే ఆలోచన మాత్రం వద్దు. రెండు మూడు వారాలాగి వెళ్తే తిరిగి రావడం తేలికవుతుంది.

ఇక మిగతా పద్దెనిమిది మంది. ఏ గొడవా లేదు కదా అని నువ్వు వాళ్ళ గురించి రాయలేదు.

ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇండక్షన్ మూడు వారాలు ఉండాలని, ఇంజినీరింగ్ కాలేజీలను చూసుకునే ఏఐసీటీఈ 2017లో చెప్పింది. 2019లో యూజీసీ 'దీక్షారంభ్' పేరుతో మిగతా కోర్సులకూ అలాంటి మార్గదర్శకాలే ఇచ్చింది. ఆటలు, బొమ్మలేయడం, ఊరు చూడడం, లెక్చరర్లతో చిన్న గుంపుల్లో మాట్లాడడం, వీటితో పిల్లలు మెల్లగా కుదురుకోవాలని ఉద్దేశం. చాలా కాలేజీలు దాన్ని వారానికి కుదించి, ఆ వారమంతా ఆడిటోరియంలో కూర్చోబెట్టి ముఖ్య అతిథుల ఉపన్యాసాలు వినిపిస్తాయి. రాత్రి డీజే. పొద్దున ఏడున్నరకు టిఫిన్. ఎవరి సంక్షేమం కోసమో నాకు అర్థం కాదు. ఆ టైంటేబుల్ నీ చేతిలో లేదు, సరే. కానీ మధ్యాహ్నం ఒక గంట గేమ్స్ నీ చేతిలో ఉంది. అందులో ఒకరోజు ఆట మానేసి "గదికెళ్ళి పడుకోండి" అని పంపించు. నిన్ను జన్మంతా గుర్తుపెట్టుకుంటారు.

మన పిల్లల్లో చాలామంది ఇంటర్ రెండేళ్ళూ రెసిడెన్షియల్ కాలేజీలో బెల్లు కొడితే లేచి, బెల్లు కొడితే తిని, రాత్రి స్టడీ అవర్ అయ్యాక పడుకున్నవాళ్ళు. చేతికి ఫోన్ రావడమే ఇప్పుడు. వీళ్ళకు ఖాళీ సమయం ఇస్తే ఏం చేసుకోవాలో తెలియక తెల్లవారుజామున మూడింటిదాకా రీల్స్ చూస్తారు. వాళ్ళను సోమరులని తిట్టకు. తమంతట తాము నిద్రపోవడం కూడా నేర్చుకోవాల్సిన వయసులో వాళ్ళున్నారు.

పరిచయాల ఆటలో ఒక ప్రశ్న తీసెయ్. "ర్యాంకెంత?" దాని తమ్ముడు "ఏ కోటాలో వచ్చావ్?" కూడా. జేఈఈ రాలేదనీ, ఈఏపీసెట్‌లో అనుకున్న బ్రాంచి రాలేదనీ, నాన్న పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టాడనీ మనసులో మోస్తూ వచ్చిన పిల్లలుంటారు మీ గుంపులో. ఏ సినిమా చూశావు, మీ ఊళ్ళో టిఫిన్ ఎక్కడ బాగుంటుంది అని అడుగు. రెండో ప్రశ్న అడిగి చూడు, నోరు మెదపని పిల్లలు కూడా వాదనకు దిగుతారు. పేరు పిలిచి స్టేజీ ఎక్కించే ఆటలు కూడా మానేస్తే మంచిది. ఎక్కాలనుకునేవాళ్ళు ఎలాగూ ఎక్కుతారు.

నేను హాస్టల్ చూసుకునే రోజుల్లో ఇండక్షన్ వారమంతా మెస్‌లో ప్లేట్లు పడేసే చోట నిలబడేదాన్ని. ఎవరి ప్లేట్లో ఏం మిగిలిందో చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. ఉప్పుడు బియ్యం అన్నం, పలచటి సాంబారు, కారం లేని పొరియల్ కూర. మన పిల్లలు మొదటి రోజు రెండు ముద్దలు కలిపి వదిలేస్తారు. మూడో రోజుకు సాంబారు మానేసి, ఇంటి నుంచి తెచ్చుకున్న కందిపొడి కాగితంలో చుట్టుకొచ్చి కలుపుకుంటారు. కందిపొడి వచ్చిందంటే ఇక ఆ పిల్లకు దిగుల్లేదు. ప్లేటు అసలు తీసుకోకుండా పెరుగు గిన్నె ఒక్కటే పట్టుకుని మూలన కూర్చునేవాళ్ళ పక్కన వెళ్ళి కూర్చోవాలి. నువ్వూ రోజుకొక పూట అలా నిలబడు. టిఫిన్ మానేసి తొమ్మిదింటికి ఎండలో లైన్లో నిలబడిన పిల్లలు పడిపోతుంటారు, నీ సంచిలో నీళ్ళు, గ్లూకోజ్ ప్యాకెట్ ఉంచుకో. మూడు గంటలు ఏకబిగిన సాగే కార్యక్రమమైతే మధ్యలో అమ్మాయిలను బాత్రూమ్‌కు పంపించే పూచీ నీదే. వాళ్ళంతట వాళ్ళు లేచి అడగరు.

ఇంకొకటి, ఒక్కొక్కరినీ విడిగా అడుగు: "ఏవైనా మందులు వాడుతున్నావా?" ఆస్తమా, ఫిట్స్, షుగర్, డిప్రెషన్, ఏదైనా సరే. రూమ్మేట్లు చూస్తే ఏమనుకుంటారో అని మందులు మానేసే పిల్లలు ఉంటారు. అందరి ముందూ అడిగితే ఎవరూ చెప్పరు.

తెలుగువాళ్ళందరూ ఒకే బల్ల దగ్గర చేరుతున్నారని కొందరు లెక్చరర్లు విసుక్కుంటారు. చేరనీ. మొదటి వారం అదే ఊపిరి. రెండో వారం నుంచి మాత్రం బజారు పనులకు ఒక తమిళ పిల్లనూ ఒక తెలుగు పిల్లనూ జంటగా పంపించు. సిమ్ కార్డు, బకెట్, జెరాక్స్, ఇలాంటి పనుల్లో స్నేహాలు కుదిరినట్టు నువ్వు ఆడించే ఆటల్లో కుదరవు.

నీకు కౌన్సెలింగ్ రాదన్నావు. రావలసిన అవసరం లేదు. మూడు రోజులుగా ఒకబ్బాయి రావడం లేదని గమనించింది నువ్వే కదా, లెక్చరర్లు కాదు. చూడడం, సరైనవాళ్ళకు చెప్పడం, వాళ్ళు కదిలారో లేదో మర్నాడు అడగడం. అంతవరకే నీది. 2009 నిబంధనల్లోనే ఉంది, కొత్త విద్యార్థులను చిన్న గుంపులు చేసి ఒక్కో గుంపును ఒక లెక్చరర్‌కు అప్పగించాలని, ఆయన లేదా ఆవిడ రోజూ ఒక్కొక్కరితో మాట్లాడాలని. మీ గ్రూపుకు ఆ లెక్చరర్ ఎవరో నీకు తెలుసా? తెలియకపోతే రేపు పొద్దున డీన్ ఆఫీసులో అడుగు. పేరు ఉండే ఉంటుంది, కాగితం మీద. ఆ మనిషిని వెతికి పట్టుకుని నీ ఇరవై మంది జాబితా చేతికిచ్చి, ఇద్దరి పేర్ల కింద గీత గీసి రా.

రాత్రి పదికి నీ ఫోన్ సైలెంట్‌లో పెట్టి వార్డెన్ నంబరు గ్రూపులో పిన్ చెయ్. ఇంకో వాలంటీర్‌తో రోజు మార్చి రోజు వంతులు వేసుకోండి. ఈ ఆదివారం ఏ పనీ పెట్టుకోకుండా మీ అమ్మతో మాట్లాడి, పడుకో.

వారం అయ్యాక బ్యాడ్జి తీసి ఇచ్చేస్తావు కానీ ఆ ఇరవై పేర్లూ పారేయకు. మొదటి సైకిల్ టెస్టు, అంటే కాలేజీలో పెట్టే ఇంటర్నల్ పరీక్ష, మార్కులు వచ్చిన రోజు సాయంత్రం మళ్ళీ ఒకసారి మెస్‌లో నిలబడు. స్కూల్లో ఎప్పుడూ ఫస్ట్ వచ్చినవాళ్ళు ఆ రోజు భోజనానికి రారు.